రెండున్నర వోల్టులు

పాలపొడి ఫ్యాక్టరీలో తెల్లవారుజామున మూడింటికి షిఫ్టు దిగుతాను.
స్మిత్టన్ నుంచి మర్రావా దాకా యాభై కిలోమీటర్లు,
దారంతా ఎదురుగాలి.
నాకంటే రెండేళ్ళు చిన్నదైన కవాసకీ,
దాని నుదుటి మీద పలచటి టీ రంగు దీపం.

టాస్మానియాలో రాత్రిపూట రోడ్డు మనది కాదు.
అడవిది. మనకి అద్దెకిస్తుంది.

ఏప్రిల్లో, వంతెన దాటాక వచ్చే దిగుడు వంపులో
వాలబీ ఒకటి, కంగారూకి చెల్లెలు వరస,
నా దీపంలోకి రాలేదు,
నేరుగా చక్రం కిందికే వచ్చింది.
నేను పడలేదు.
ఇక్కడ పెరిగినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు:
బండి ఆపాలి, గ్లవుజు తీయాలి,
పొట్టసంచిలో చెయ్యి పెట్టి చూడాలి.
వెచ్చగా ఉంది. ఖాళీగా ఉంది.
ఆ వెచ్చదనం చేతిని వదలడానికి
చాలా సబ్బు ఖర్చయింది.

"పెద్ద బల్బు వేయించుకుంటాను" అన్నాను ఆథొల్‌తో.
నలభై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కి దిగిన మనిషి,
ఇప్పుడు పక్కింట్లో ఉల్లిపాయలు పండిస్తాడు.
"ఆకలితో ఉన్నవాడికి
పెద్ద కంచం పెడతావా, రో?" అన్నాడు.

మీటరు తెచ్చాడు.
ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర పదమూడున్నర.
బల్బు దగ్గర పదకొండు.
"పోయింది రెండున్నరే కదా" అన్నాను.
"రెండున్నర పోతే సగం వెలుగు పోతుంది.
ఈ లెక్క కూడికల లెక్క కాదు."

చివరి తొట్టికి నీళ్ళందకపోతే
ముందు గొట్టాన్ని తడుముతాం, చెరువుని తిట్టం.
అలాగే తడిమాం వైర్లని.
పురికొస కంటే సన్నటి తీగలు,
ఉప్పుగాలికి పచ్చబడిన రాగి,
ఎవరో ఎప్పుడో టేపు చుట్టి మరిచిపోయిన అతుకు,
హ్యాండిల్ దగ్గర వేడెక్కి గోధుమరంగు తిరిగిన స్విచ్చి.
తిరుగుదారి మరీ అన్యాయం:
మెడలోని బేరింగుల గుండా, ముసలి గ్రీజులో ఈదుకుంటూ
ఇంటికి చేరాల్సిన ఎర్తు.
ఒక్కొక్కరూ కొంచెమే తాగారు.
దొంగ అని ఎవర్నీ వేలెత్తి చూపలేం.

ఆయన చేతులు వణుకుతాయి కనుక
ఆయన చెబుతాడు, నేను చేస్తాను.
బ్యాటరీ నుంచి తిన్నగా లావుపాటి ఎర్ర తీగ,
మొదట్లోనే ఫ్యూజు,
వెనక్కి రావడానికి అంతే లావు నల్లది.
అగ్గిపెట్టెలో సగం ఉండే రిలేలు రెండు,
దూరం చూపుకొకటి, దగ్గర చూపుకొకటి.
"ఇక నీ స్విచ్చి బరువు మోయదు, చెబుతుందంతే.
మోసేది ఇదీ" అని రిలే మీద గోటితో కొట్టాడు.
రెండు లగ్గులు తప్పుగా నొక్కి కత్తిరించేశాను.
మూడోది లాగి చూసి, ఊఁ అన్నాడు.
ఆయన ఊఁ అంటే మామూలు విషయం కాదు.

సాయంత్రం స్విచ్చి నొక్కితే సీటు కింద
నాలుక అంగిట్లో కొట్టినట్టు చిన్న టక్.
షెడ్డు గోడ మీద సాలెగూడు,
దాని వెనక నేను పదేళ్ళుగా వెతుకుతున్న స్పానరు.
బల్బు అదే. పాత బల్బే.

ఆ రాత్రి రోడ్డు తెల్లగా పొడుగ్గా విప్పుకుంది.
ఎన్నేళ్ళుగానో ఒకే చెట్టు అనుకున్నవి
నిజానికి రెండు చెట్లట.
వంతెన దాటాక, దిగుడు వంపుకి ముందు,
అరవై మీటర్ల దూరంలో
రెండు చుక్కలు వెలిగాయి.
బ్రేకు మెల్లగానే వేశాను, తొందరేం లేకపోయింది.
ముందరి కాళ్ళు ఛాతీ దగ్గర ముడుచుకుని
రోడ్డు మధ్య నిలబడింది,
పిలిచి మాట్లాడించకుండా కూర్చోబెట్టిన చుట్టంలా.
కదలదు. ఆ వెలుగులో దానికి
దారి కనబడటం లేదు.

ఇంత పని చేసింది ఇందుకా అనుకుంటూ
బొటనవేలితో దీపం దించాను.
టక్.
చెవి ఒకటి తిరిగింది. ఇంకాసేపు ఆలోచించింది.
తర్వాత గెంతి గడ్డిలోకి పోయింది,
పొట్ట కిందుగా, బరువుగా.

పొద్దున కంచె దగ్గర ఆథొల్ అడిగాడు,
"బల్బు దగ్గర ఎంత చూపిస్తోంది?"
"పదమూడు పాయింట్ రెండు."
"మిగతా మూడు పాయింట్లు?"
"దారి తిననీ" అన్నాను.
ఆయన ఉల్లిపాయలు కొన్ని మట్టితో సహా అందించాడు.