జరిమానా చుట్టు

ఉల్రికె అన్నారు పేరు.
నా నోట్లో అది ఉలికి అయింది.
ఆవిడ సరిదిద్దలేదు.

రొయ్యలు కొనే జర్మనీ కంపెనీ పంపింది,
అంతర్వేదికరలో మా ఎనిమిది చెరువులు చూసి రమ్మని.
అరవైకి దగ్గర. నెరిసిన జుట్టు పొట్టిగా,
ఉడికిన పీతలా ఎర్రబడ్డ మెడ.
గట్టు మీద నడుస్తుంటే
రెండు చేతులూ వెనక్కి తోసుకుంటూ నడిచేది,
కనపడని గెడలు వేసి పడవ నడుపుతున్నట్టు.

నరసాపురం కుర్రాడు ఇమ్మానియేలు మాట మార్చి చెప్పాడు:
మంచు మీద కర్రచెప్పులతో పరిగెత్తేదట,
వీపున తుపాకీ.
పరిగెత్తి పరిగెత్తి గుండె నోట్లోకొచ్చాక
ఆగి, బోర్లా పడుకుని
ఐదు నల్లచుక్కల్ని కొట్టాలట.
ఒకటి తప్పితే
పక్కనే ఒక చిన్న చుట్టు ఊరికే పరిగెత్తాలి.
ఎక్కడికీ చేరని చుట్టు.
"జరిమానాండి," అన్నాడు వాడు.

మంచు అంటే నాకు ఐసు.
ఊక కప్పిన ఫ్యాక్టరీ దిమ్మ,
పట్టుబడి రోజు రొయ్య మీద పోసే పొడి.
దాని మీద అడివి పొడుగునా పరిగెడతారా?

"గెలిచారా?" అడిగాను.
రెండు దేశాల తరఫున పరిగెత్తాను, అంది.
మొదటిది ఇప్పుడు లేదు.
నాకర్థమయింది.
నేను పుట్టిన లంకా లేదు.
ఎనభయ్యారు వరదలో సగం,
మిగతాది ఏటికింత, గోదారి కోసుకుపోయింది.
రేషను కార్డులో మాత్రం పేరుంది.
ఆవిడకీ ఏదో కాయితంలో ఉండే ఉంటుంది.

ఒక్కసారి నాలుగోది వచ్చిందట.
చివరి తూటా, చివరి చుక్క.
ఆ చుట్టుకి ఇరవయ్యారు సెకన్లు.
పతకం ఇరవై రెండు సెకన్ల దూరంలో ఆగింది.

మర్నాడు గట్టు మీద ఐదు కొబ్బరిచిప్పలు పెట్టాను.
నీటికాకుల్ని తోలే నా వడిసెల ఇచ్చాను.
మొదటి రాయి వెనక్కి పోయి
ఇమ్మానియేలు బండి అద్దానికి తగిలింది.
ఐదూ తప్పాయి.
నవ్వుతూ, ఆ వయసులో,
ఐదో నెంబరు చెరువు చుట్టూ
ఐదు చుట్లూ పరిగెత్తింది.
మేత పడవ వాళ్ళు తెడ్లు ఆపి చూశారు.

ఆ రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
ఏరేటర్లు ఒక్కసారిగా ఊరుకుంటే
ఆ నిశ్శబ్దానికే మెలకువ వస్తుంది మాకు.
గంటలో రొయ్య పైకి తేలుతుంది, గాలి కోసం.
జనరేటరు చివరి గట్టున.
షెడ్డులోంచి నాకంటే ముందే దూకింది ఆవిడ,
చీకట్లో గెడలు వేసుకుంటూ.

డీజిలు పైపులో గాలి పట్టింది.
నట్టు అరచుట్టు వదలాలి, ఎక్కువైతే మొత్తం కారిపోద్ది.
నా చెయ్యి దడదడ.
ఆవిడ టార్చి పట్టింది.
ఎగశ్వాస నా చెవి పక్కనే వినపడుతోంది,
వెలుగు మాత్రం
నట్టు మీంచి గోరంత జరగలేదు.
ఊపిరికీ ఊపిరికీ మధ్య
ఎక్కడో ఒక చోటుంది, అక్కడ నిలబడింది.
నేనెప్పుడూ వెళ్ళని చోటు.

ఇంజను అందుకుంది. నీళ్ళు మళ్ళీ తెల్లగా లేచాయి.

నాలుగు రోజులకి కాయితం వచ్చింది.
రొయ్యలో మందు ఉంది. లోడు వద్దు.
సంతకం ఆవిడదే, గీత గీసినట్టు,
ఎక్కడా వణకలేదు.
ఆసామి తిట్టాడు. ఇమ్మానియేలు తిట్టాడు.
అంత పరిగెత్తిన మనిషి ఇంత పని చేసిందా, అన్నారు మేత పడవ వాళ్ళు.
నేనేం అనలేదు.
జూన్‌లో తోకలు ఎర్రబడ్డప్పుడు
ఆసామి ఇచ్చిన పచ్చపొడిని
బెల్లంపాకంలో కలిపి మేతకి పట్టించింది ఈ చేతులే.

పొద్దు వాలాక
చెప్పులు విడిచి
ఐదో నెంబరు గట్టు ఎక్కాను.
చిప్పల్లో వాననీళ్ళు నిలిచాయి.
ఎవరూ లెక్కపెట్టటం లేదు.
ఒక చుట్టు. మోకాలు కలుక్కుమంది.
కొంచెం ఆగి
రెండోది మొదలెట్టాను.