ఎవరి చీటీ వాళ్లకి

బ్రాడీపేట, రెండో అంతస్తు గది.
రాత్రి పన్నెండున్నరకి
లూపులో కూర్చుని నలుగుర్ని పుట్టించాను.
నలుగురికీ ఒకే మాట చెప్పాను:
అదిగో నీ నెంబరు, పోయి పని చూసుకో.

తెర మీద జవాబొచ్చింది:
నాలుగు. నాలుగు. నాలుగు. నాలుగు.

సున్నా ఏది? ఒకటేది?
నాలుగో నెంబరు అసలెవరికీ ఇవ్వలేదే నేను!
మళ్లీ నడిపాను. ఒకటి, మూడు, నాలుగు, నాలుగు.
ఇంకోసారి నడిపితే సున్నా, ఒకటి, రెండు, మూడు,
పాలు తాగి మూతి తుడుచుకున్న పిల్లిలా.
ఆ సరైన జవాబు చూశాకే
నాకు నిజంగా భయమేసింది.

"లూపులో ఒక్క సెకను నిద్ర పెట్టు, సర్దుకుంటుంది"
అన్నాడు పక్క మంచం మీంచి సైదులు, కళ్లు తెరవకుండానే.

సెకను.
కిటికీలోంచి మిరపఘాటు వస్తోంది, సీజను కదా.
తుమ్మాను. తుమ్ముతోపాటే గుర్తొచ్చింది.

ఇంటర్ సెలవులు. మిర్చి యార్డు.
దావులూరి పిచ్చేశ్వరరావు గారి కమీషన్ కొట్టు.
ఏ లాటు ఎవరు ఎత్తాలో రాసివ్వడం నా ఉద్యోగం.
మొదటి రోజే తెలివి చూపించాను,
కాయితం దండగని ఇంటి నుంచి పలక పట్టుకెళ్లాను.

ఒకటి అని రాసి స్తంభం మేకుకి తగిలించి
"యలమందా, నీ నెంబరు పలక మీద ఉంది" అన్నాను.
ఉమ్మితో తుడిచి రెండు. "మస్తాన్‌వలీ, పలక చూసుకో."
తుడిచి మూడు, బాజీకి.
తుడిచి నాలుగు, ఇన్నయ్యకి.
ఇంకా లారీ దిగని లాటు కోసం
ముందుచూపుగా ఐదు రాసిపెట్టి టీకి వెళ్లాను.

యలమంద తలగుడ్డ చుట్టుకోవాలి.
మస్తాన్‌వలి కుండలో నీళ్లు ముంచుకోవాలి.
ఇన్నయ్యకి చుట్ట ఆరిపోయింది.
ఎవరి తీరికన వాళ్లు తలెత్తి పలక చూశారు.

నేను తిరిగొచ్చేసరికి
ఐదో లాటు ఉండాల్సిన ఖాళీ గచ్చు ముందు
నలుగురూ నిలబడి నా వంకే చూస్తున్నారు.

నెంబరు ఇవ్వలేదు నేను.
నెంబరు ఉండే చోటు చూపించాను.

పిచ్చేశ్వరరావు గారు తిట్టలేదు.
పాత క్యాలెండరులో ఒక నెల చింపి
నాలుగు ముక్కలు చేసి నా ముందు పడేశారు.
"ఎవడి చీటీ వాడికివ్వు.
ఇచ్చాక దాని మీద నీ చెయ్యి పడకూడదు.
పనయ్యాక చింపాల్సిందీ వాడే, నువ్వు కాదు.
నలుగురూ తిరిగొచ్చేదాకా
కొట్టు తాళం నీ చేతిలో కదలకూడదు."

సెకను నిద్రతో ఏమవుతుంది సైదులూ,
అది యలమందకి సరిపోతుందేమో,
ఇన్నయ్య చుట్టకి చాలదు.

పలక తీసేశాను.
హీపంటే మన కుప్పే కదా,
ఆ కుప్పలోంచి మలాక్‌తో నాలుగు ముక్కలు అడిగి
ఒక్కో నెంబరు రాసి, ఒక్కొక్కరి చేతిలో పెట్టి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
చివర జాయిన్ రాసి
తాళం పట్టుకుని కూర్చున్నాను.

రెండు. సున్నా. మూడు. ఒకటి.
వరస నేను చెప్పినట్టు లేదు. ఉండదు.
ఎవరి నెంబరు మాత్రం వాళ్లదే.

పొద్దున్నే లెక్క చూసే పనిముట్టు మందలించింది:
నాలుగు చీటీలు, పదహారు బైట్లు,
ఎవరూ తిరిగివ్వలేదు.

యలమంద కూడా అంతే, చీటీ చింపేవాడు కాదు.
చదవడం రాదు, అయినా మడిచి తలగుడ్డలో దోపుకునేవాడు.
సీజను చివర గుడ్డ విప్పి దులిపితే
ఎర్రటి దుమ్ముతోపాటు
నాలుగు వేళ్ల మందాన నా దస్తూరీ రాలింది.

ఫ్రీ అన్న ఒక్క మాట రాస్తే చాలు.
రాస్తాను.
ముందు టీ తాగి వస్తాను.