ఈకకి ఈక

మూడు రోజులుగా బల్ల మీద రెండు జిగ్గులు.
రెండూ నావి కావు.

ఒకటి ప్లాస్టిక్‌ది, నల్లది, మూడు చేతులది.
బాణం కాడని నడిమధ్య నిలబెడితే
మూడు ఈకల్నీ ఒక్కసారే, గొడుగు ముడిచినట్టు,
అదిమి పట్టుకుంటుంది.
పావుగంటకి ఒక బాణం.
ఎళిలరసన్ మాస్టారిది. ఊరికే వాడుకోండి అన్నాడు.

రెండోది ఇనుముది.
మణ్ణడిలో కాసిం భాయ్ గోనెపట్టా కింద నుంచి లాగి
తుడవకుండానే చేతిలో పెట్టాడు.
చెయ్యి కిందికి దిగింది.
ముప్పై రెండేళ్లు అంబత్తూరు ఎస్టేట్‌లో
గేర్ల పళ్లు కొలిచిన చెయ్యి, ఆ బరువుని గుర్తుపట్టింది.
ఇది ఒక్కసారికి ఒక్క ఈకే పడుతుంది.
ఆరాక, వెనక చక్రం తిప్పాలి, టిక్,
నూట ఇరవై డిగ్రీలు. మళ్లీ ఈక. మళ్లీ పావుగంట.
నాలుగు వేల ఐదొందలు.
నచ్చకపోతే సోమవారం లోపల తెచ్చిచ్చేయ్ అన్నాడు.

ఇవాళ ఆదివారం.

అటక మీంచి పాత వెర్నియర్ దింపాను.
ప్లాస్టిక్ చేతుల్లో ఒకటి
అర మిల్లీమీటరు పక్కకి పోయింది.
అర మిల్లీమీటరు!
ఆ రోజుల్లో అయితే లాటు లాటంతా వెనక్కి పంపేదాన్ని.
"ఈకకి ఈక, తోకకి తోక పీకుతుందిరా ఆండాళు"
అని షిఫ్టంతా గొణుక్కునేవాళ్లు.
పీకిన మాట నిజమే.
అంటించడమే ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

మాది విల్లివాక్కం.
పేరులోనే విల్లున్న ఊళ్లో విల్లు సంగతి ఎవరికీ పట్టదు.
పట్టాభిరాం లోకల్ వెళ్లినప్పుడల్లా
బల్లా, గ్లాసులో చెంచా, ప్లాస్టిక్ జిగ్గూ
మూడూ కలిసి వణుకుతాయి.
ఇనప జిగ్గు మాత్రం
చెవిటి మామ్మలా కూర్చుని ఉంటుంది.

మొదటి బాణం దండగ.
రెండు ఈకలు కుడి రెక్కవి, ఒకటి ఎడమ రెక్కది,
వంపు చూసుకోలేదు.
మూడూ ఒకే రెక్కవి కాకపోతే
ఒకదాని మీద ఇంకోదానికి చాడీలు చెప్పి
గాలి తగువు పెడుతుంది.
రెండోదాని జిగురుకి ముసురు పట్టి
అంచంతా తెల్లగా బూజులా లేచింది.

"పుంఖానుపుంఖాలుగా కంప్లయింట్లు"
అని అరిచేవాడు మా మేనేజరు నాథముని నాయుడు.
పుంఖమంటే ఇదేనని,
ఈకలు కూర్చునే ఈ వేలెడు చోటేనని,
వెనక వచ్చే బాణం ముక్కు
ముందుపోయే బాణం ఈకల్ని తాకేటంత దగ్గరని
ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.
నా దగ్గర అవి కుదరవు.
గంటకి ఒకటి. అదీ వాన తెరిపిస్తే.

నాకోసం కాదులెండి.
భుజం చూసిన డాక్టరు
ఆర్నెల్లు విల్లు ముట్టుకోవద్దన్నాడు.
జడ వేసుకోవడమే కష్టంగా ఉంది.

పాడి నుంచి సైకిల్ తొక్కుకుంటూ వస్తుంది తామరై,
పద్నాలుగేళ్లది,
ముంజేతి నిండా తాడు కొట్టిన కమిలిన గీతలు.
ఉన్నవి ఆరు బాణాలు, అందులో నాలుగు బోడివి.
డిసెంబరుకి పన్నెండు కావాలట.

లెక్కేశాను.
ముప్పై ఆరు ఈకలు, ముప్పై ఆరు పావుగంటలు.
తొమ్మిది గంటలు.
నల్లదానితో అయితే మూడు గంటల్లో తేలిపోతుంది.
మిగిలిన ఆరు గంటల్ని ఏ డబ్బాలో పోసి దాచుకోను?

కాఫీ డబ్బా అంటే గుర్తొచ్చింది.
దాని మూత రేకు చిన్న ముక్క కత్తిరించి
ప్లాస్టిక్ దాని వాలిన చేతి కింద దోపాను.
మళ్లీ కొలిచాను. సరిగ్గా వచ్చింది.
రేపు మాస్టారికి ఇచ్చేస్తాను.
రేకు సంగతి చెప్పను.

కాసిం భాయ్‌కి ఫోన్ చేస్తే
"తెలుసమ్మా" అని పెట్టేశాడు.

రాత్రి ఆఖరి లోకల్ కూడా పోయింది.
చెంచా మోగింది, ఈక కదల్లేదు.
బిగింపు వదిలించి కాడని బయటికి తీశాను.
తామరై తాడు లాగినప్పుడు
ఈ పక్క ఈకే దాని చెంపకి తగిలేది.

నా చెంపకి ఒకసారి రాసి చూసుకున్నాను.
గుచ్చుకోలేదు.