కదలని సైకిలు

డులూత్‌లో ఫిబ్రవరి. సరస్సు గడ్డకట్టుకుపోయింది.
మాజీ సైనికుల ఆస్పత్రి నాలుగో అంతస్తులో
ఎక్కడికీ వెళ్ళని సైకిలు మీద
ఆర్విడ్ ట్వెట్‌ని కూర్చోబెట్టి
ఛాతీకి పది తీగలు అంటించాను.
నా ఉద్యోగం అంతే.
బరువు పెంచే మీట నా చేతిలో ఉంటుంది.

నోట్లో గొట్టం పెట్టకముందే చెప్పాడు:
"ఎడారిలో డీజిల్ ట్యాంకరు తోలేవాణ్ణి.
అలారం మోగితే మాస్కు. ఆగితే తీసెయ్యడం.
మళ్ళీ మోగితే మళ్ళీ.
ఏ మోత నిజమో ఎవరూ చెప్పలేదు,
ఇప్పటిదాకా."

పద్దెనిమిది నిమిషాలు తొక్కాడు.
గుండె బాగుంది. ఊపిరి బాగుంది.
గీతలు బుద్ధిగా కాగితం దాటిపోయాయి.
దిగి, మెడ తుడుచుకుంటూ కిటికీలోంచి చూసి
"ఇంత తొక్కినా ఇంకా డులూత్‌లోనే ఉన్నానే!" అన్నాడు.
ఇద్దరం నవ్వుకున్నాం.
'సాధారణం' అన్న గడిలో టిక్కు పెట్టాను.

మర్నాడు గోడ పట్టుకుని వచ్చాడు.
మూడోనాడు రాలేదు.

ఫోను మార్లిస్ ఎత్తింది, అతని భార్య.
పక్కగదిలో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు మాట్లాడింది.
"వెలుతురు పడటం లేదు. దుప్పట్లు కట్టాను కిటికీలకి.
పొద్దున టూత్‌పేస్టు మూత తిప్పలేక
సింకు ముందు అలాగే నిలబడిపోయాడు.
కుక్క పేరేమిటని అడిగాడు నన్ను.
పదకొండేళ్ళుగా మాతో ఉన్న కుక్క."

అలుపంటే నాకు తెలుసనుకున్నాను.
రాత్రి డ్యూటీ దిగి, వేణ్ణీళ్ళు పోసుకుని పడుకుంటే
తెల్లారేసరికి చెల్లయిపోయేది.
ఇది ఆ లెక్క కాదు.
ఇవాళ నవ్వుతూ అరువిచ్చి
ఎల్లుండి తలుపు విరగ్గొట్టే బాకీవాడు.
వడ్డీ ఎంతో వాడి నోటిమాటే.

ఆర్విడ్‌కి వాకిట్లో మంచు ఆరు పారలు.
ఏడో పార ఎత్తితే గురువారం పోతుంది,
ఎనిమిదోదానికి శనాదివారాలు కూడా.
ఎదురింటాయన చూసేది
పార పట్టిన ఆర్విడ్‌ని.
"నిక్షేపంలా ఉన్నాడు, పింఛను దేనికో" అంటాడట.
పడుకున్న రోజులకి తెరలుంటాయి కదా.

ఏప్రిల్లో మళ్ళీ వచ్చాడు, రెండో పరీక్షకి.
రానక్కర్లేదని మార్లిస్ అంది. నేనూ అన్నాను,
అలా అనడం నా ఉద్యోగంలో లేదు.
సీటు ఎత్తు తనే సరిచేసుకున్నాడు.
"నా తర్వాత వచ్చేవాళ్ళకి
ఒక కాగితమైనా ఉండాలిగా.
పెంచు."

మీట మీద నా చెయ్యి కాసేపు ఊరికే ఉంది.

ఫారంలో మూడోనాటికి గడి లేదు.
అంచున పెన్నుతో గీశాను.
వంకరగా వచ్చింది.