ఆదివారం షాపు సెలవు

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు
చెంగయ్య మామ నా జిరాక్సు షాపు బల్ల మీద
పిడికెడు చింతగింజలు పోసినాడు.
"ఇది నెరబైలు. బస్సు దిగేది ఈడ,"
ఆధార్ కాపీల కట్ట పక్కన మొదటి గింజ.
రెండోది చెక్‌పోస్టు. "టికెట్టడిగితే బేరమాడొద్దు."
మూడోది మడుగు.
నాలుగోది పెడతా గొంతు తగ్గించినాడు:
"ఈడ ఎవరూ మాట్లాడకూడదు."
దెయ్యమా, అనింది నూర్జహాన్.
"కాదమ్మా, తేనెపట్టు."

మేం ముగ్గురం.
నేను, పక్క షాపు టైలరు నూర్జహాన్,
రుయా ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే రెడ్డెమ్మ.
అందరికీ కలిపి నూట నలభై ఆరేళ్లు.
మోకాళ్లు ఆరు, అందులో బాగుండేవి నాలుగు.

మా బైరాగిపట్టెడ వీధి చివర
తెల్లారితే కొండ, పొద్దుగూకితే కొండ.
మెట్లెక్కి నేనూ పోయినా, గుండూ కొట్టించుకున్నా.
ఊరికి మొహం చూపించి నిలబడిన ఈ కొండకు
ఒక వీపుంటుంది గదా,
ఎవరూ దండం పెట్టని పక్క,
అది చూడాలన్నాను.
రెడ్డెమ్మ నెత్తిన ఒక మొట్టికాయ వేసి
"ఎన్ని గంటలకు బస్సు?" అనింది.

ఐదో గింజ గిల్లతీగ,
ఏనుగు తొండమంత లావు, చెట్టు మీంచి చెట్టుకు.
ఆరు, ఏడు పక్కపక్కనే.
ఎనిమిదోది మాత్రం జానెడు దూరంలో,
స్టాప్లర్ అవతల.
మధ్యలో ఏముంది మామా?
"ఎక్కేది."

తిండి దగ్గర గొడవ.
కుస్కా చేస్తానని ఒకరు,
సంగటి ముద్ద, ఊరిబిండి లేకుంటే కాలు కదలదని ఒకరు.
"వాసనొచ్చేది ఏదీ వద్దు,
కోతులు మీకంటే ముందే ఆకు పరుచుకోనుంటాయి."
చివరికి బొరుగులు, చెనిక్కాయలు, బెల్లం.
తిరుగుబస్సు నాలుగున్నరకు.
తప్పిపోతే?
"తప్పించుకోకండి."

నువ్వూ రా మామా, అన్నా.
జవాబు లేదు. పన్నెండో గింజను
బొటనవేలితో బల్ల అంచుదాకా తోసినాడు.
"ఈడ నీళ్లు పడతా ఉంటాయి.
చప్పుడు ముందొస్తుంది, తడి తర్వాత.
నీళ్లు మాత్రం ఆఖర్న కనపడతాయి."
ముప్పై ఏళ్లు ఆ అడవికి కాపలా,
రోజుకూలి మీద.
పర్మనెంటు చెయ్యమనే అర్జీని
తొమ్మిదిసార్లు ఈ మిషన్లోనే కాపీ తీసినా.
తొమ్మిదిసార్లూ డబ్బులు తీసుకున్నా.

కరెంటొచ్చింది.
గింజల్ని ఒక్కొక్కటే, వరస తప్పకుండా
అద్దం మీదికి మార్చినా.
కింద నుంచి వెలుగు
నెరబైలు కాడ బయలుదేరి
నీళ్ల దాకా, రెప్పపాటులో నడిచొచ్చింది.
కాగితాలు మూడు, మనిషికొకటి.

మామ దాన్ని తలకిందులుగా పట్టుకోని చానాసేపు చూసినాడు.
"ఇదేందమ్మా, చచ్చిన చీమలు మాదిరి ఉండాయి.
ఇందులో ఎక్కేది యాడుంది?"

తర్వాత గింజలన్నీ ఊడ్చి నా కొంగులో కట్టినాడు.
"ఆగినకాడల్లా ఒకటి వదిలెయ్యండి.
నీళ్ల కాడికి పోయి ముడి విప్పినాక
ఇంకా గింజ మిగిలుంటే
ఏదో చూడకుండా దాటేసినట్టు.
వెనక్కి పోనక్కర్లేదు.
అది తెచ్చి నాకియ్యండి,
ఏది చూడలేదో నేను చెబుతా."

శనివారం రాత్రి.
నూర్జహాన్ మూడు సంచులు కుట్టింది,
మిగిలిన జాకెట్ గుడ్డలతో, మూడు రంగులు.
రెడ్డెమ్మ మోకాలికి పట్టీ తెచ్చుకుంది,
ఇంకోటి అడగకుండానే నాకూ తెచ్చింది.
నేను నా కాపీని తిరగేసి
మార్కరుతో రాసినా:
రేపు షాపు సెలవు.
సోమవారం పది గంటలకు తెరవబడును.

షట్టరుకు అంటించి వెనక్కి జరిగి చూస్తే
వీధిలైటు వెలుతురులో
అక్షరాల వెనక నుంచి పన్నెండు చుక్కలు
మసగ్గా పైకి తేలినాయి.
'సెలవు' దాటినాక
ఏడుకూ ఎనిమిదికీ నడుమ
తెల్లగా అదే జానెడు.

కాసేపు నిలబడినా.
పది కొట్టేసి
పదకొండు అని రాసినా.