ఇరవై కిలోలు

ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు.
బొమ్మ చూపించే కార్డు కుదురుగా కూర్చోలేదని అర్థం.
ఇంతకు మించి దానికి నోరు లేదు పాపం.

హార్షమ్ దాటి నలభై కిలోమీటర్లు,
రేకుల గదిలో కాటా కంప్యూటర్.
బయట ఆరు గోధుమ లారీలు, ఇంజన్లు ఆపకుండా.
నవంబరు ఎండ రేకు మీద అట్లు పోస్తోంది.
గుమ్మంలో లెస్ ట్రెలోర్
ఈగల్ని తోలుతూ, మధ్యమధ్య నన్నూ తోలుతున్నాడు.
"కొత్తది కొనొచ్చుగా" అన్నాను.
"కాటా దీని మాటే వింటుంది" అన్నాడు.

మూత విప్పాను.
పొట్టు. చచ్చిన మిడత.
పాత బ్యాటరీ చుట్టూ చిలుం,
చింతపండు పెట్టి తోమాలనిపించేంత.
కార్డు పీకి, దాని పళ్ళు పెన్సిలు రబ్బరుతో రుద్ది
అల్లరి పిల్లాణ్ణి బెంచీ మీద అదిమినట్టు అదిమాను.
ఈసారి ఒక్క పొట్టి కూతే.
తెర మీద తెల్లగా:

తేదీ 1980 జనవరి ఒకటి.
కీబోర్డు కనబడలేదు.
కొనసాగాలంటే ఎఫ్ వన్ నొక్కండి.

లేని కీబోర్డు మీద ఎలా నొక్కను నాయనా?
నాకు నవ్వొచ్చింది. లెస్‌కి రాలేదు.
ప్లగ్గు రంధ్రంలో ఇరుక్కున్న గోధుమ గింజని
జడపిన్నుతో లాగాను.

అప్పుడు చెప్పింది అసలు సంగతి,
హార్డ్‌డిస్కు లేదట.
ఉంది. గిర్రుమంటోంది, అరచేతికి తెలుస్తోంది.
కానీ ఆ కాలపు యంత్రాలు అడక్కుండా తెలుసుకోవు.
సిలిండర్లెన్ని, తలలెన్ని, సెక్టార్లెన్ని
మనమే వరసగా చెప్పాలి, పూజారికి గోత్రం చెప్పినట్టు.
డిస్కు మీది లేబులు వెలిసి వట్టి కాగితమైంది.
ఒకటో రకం అన్నాను. కాదంది.
రెండు. కాదంది.
పదిహేడు దాకా వెళ్ళాను, మొదటి లారీ హారను కొట్టింది.

విసుగ్గా మూత తిరగేసి పక్కన పెట్టబోతే
లోపలివైపు పెన్సిలు రాత:

977. 5. 17.
ఇది మళ్ళీ మరిచిపోతుంది.
బెవ్

"ఎవరు?"
లెస్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
పంతొమ్మిదేళ్ళు కాటా చూసిందట.
ఒక పంటప్పుడు కొన్ని లారీలకి ఇరవై కిలోలు ఎక్కువ పలికింది.
"నువ్వే కలుపుతున్నావన్నాను."
తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.
పదకొండేళ్ళు. ఒకే కొట్లో రొట్టె కొంటారు,
మాటల్లేవు.

నేనేం అనలేదు. అంకెలు కొట్టాను.
చిలుం పట్టిన బ్యాటరీ చోట మూడు టార్చిలైటు సెల్లులు
నల్ల టేపుతో కట్టాను. తారీఖు దిద్దాను.
డిస్కు గొంతు సవరించుకుంది.
కాటా తెర పచ్చగా లేచింది.

పలక ఖాళీ. సున్నా రావాలి.
ఇరవై కిలోలు.

తీగలు కదిపి చూశాను. ఇరవై.
ఆపి, మళ్ళీ వెలిగించాను. ఇరవై.
"చూశావా" అన్నాడు లెస్. "అప్పుడూ ఇంతే."

కిటికీలోంచి తొంగి చూశాను.
ఈ గది నీడ పడే మూల, ఇనప పలక మీద
అతని ఎర్ర కెల్పీ కుక్క
నాలుక వేలాడేసి పడుకునుంది.
ఈల వేశాను.
లేచింది, ఒళ్ళు విదిలించుకుంది, దిగింది.
సున్నా.

"దీని తల్లి కూడా" అని ఆగాడు లెస్.
ఎంతసేపటికో
"లారీల కింద పడుకునేది. నీడని."

బయట ఆరు హారన్లు.
అతను గేటు ఎత్తలేదు.
మూత నా చేతిలోంచి తీసుకుని
ఆ పెన్సిలు గీతల్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా,
కళ్ళజోడు లేకుండా చూశాడు.
తర్వాత జేబులోంచి ఫోను తీశాడు.
నంబరు ఎక్కడా వెతకలేదు.
ఒక్కో అంకే, మొద్దు బొటనవేలితో
మెల్లగా నొక్కాడు.