ద్రియన్

నలభై ఏళ్ల కింద, వేల్స్‌లో, పలకరాయి కొండల ఊళ్లో
బడికి రాని పిల్లల లెక్క రాయడం నా ఉద్యోగం.
సైకిలు, తోలుసంచి, కార్బన్ కాగితాల పుస్తకం.
ఎర్రసిరా సర్కారువారిది.
నేను ష్రూస్‌బరీ వాణ్ణి. ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాదు.

గెథిన్ ప్రైథర్చ్, తొమ్మిదేళ్లు,
పదకొండు రోజులుగా లేడు.
క్వారీ మూతపడి, తండ్రి లివర్‌పూల్ రేవులో
పని వెతుక్కోవడానికి వెళ్లిన వారం నుంచి.
పొద్దున్నే రొట్టెల డబ్బాతో బయల్దేరతాడట,
బడి మలుపు దాకా బుద్ధిగా వచ్చి
పట్టాలు పీకేసిన దారిన పైకి, ఇంకా పైకి.

ఒకసారి చూశాను వాణ్ణి.
రేకులు లేచిపోయిన షెడ్డులో, నాన్న కూర్చునే చోట కూర్చుని
ఉలితో పలకలు చీలుస్తున్నాడు,
ఎవరి కప్పుకీ అక్కర్లేని పలకలు.
పట్టుకోవలసింది.
వాన మొదలైందని వంక పెట్టుకుని కొండ దిగాను.
నా ఉద్యోగాన్ని నేను ఎగ్గొట్టింది ఆ ఒక్క రోజే.

మర్నాడు వాళ్ల నాయనమ్మ
ఏప్రనుతో కళ్లద్దాలు తుడుచుకుని నోటీసు అందుకుంది.
పెద్ద అక్షరాల్లో ఒకటే మాట: ట్రూయంట్.
కింద వేలు పెట్టి కూడబలుక్కుంది.
ఆగింది. మళ్లీ చదివింది, ఈసారి తన ఇంట్లో మాటలాగా,
"ద్రియన్... ద్రియన్ బాఖ్."
కాగితం మడిచి టీకుండ కింద పెట్టి
నాకో కుర్చీ లాగింది.

వెక్కిరిస్తోందనుకున్నాను.

రిటైరయ్యాక ఒక చలికాలం, లైబ్రరీలో హీటరు పక్కన,
ఒళ్లో పట్టనంత నిఘంటువు.
ట్రూయంట్ అంటే బడిదొంగ. అది నాకు తెలుసు.
వాడి వెనక ఒక సోమరి.
ఆ వెనక, ఫ్రెంచివాళ్ల వాకిట్లో, చెయ్యి చాచిన బిచ్చగాడు.
వాడికీ వెనక ఇంకెవరో ఉన్నారు,
బహుశా అని రాసి, ఈ కొండల వైపే వేలు చూపించారు:
త్రియన్. దిక్కులేని జీవి.
నోరారా పిలిచేటప్పుడు మొదటి అక్షరం మెత్తబడుతుందట,
పరుషం సరళమవుతుందట, ఆ భాషలో.

వాడి పాపం రాసుకుని వెళ్లాను నేను.
ఆవిడ, పాపం, అని చదివింది.

ఎన్ని వందల ఏళ్లో ఊళ్లు పట్టి తిరిగి
వేషం మారి, గొంతు మారి,
నా తోలుసంచిలో తిరిగొచ్చిన మాటని
గుమ్మంలోనే గుర్తుపట్టేసింది.

ఆ రోజు టీలో రెండు చెంచాల చక్కెర వేసింది.
ఒకటి చాలని చెప్పడానికి
నా దగ్గర మాట లేదు.